మా డేటాబేస్‌కు లైసెన్స్ ఎంచుకోవడానికి ఏడు నెలలు పట్టింది

చక్రాల కుర్చీ వాడేవాళ్లకు దారి చూపించే ఒక చిన్న యాప్ తయారుచేస్తున్న అబ్బాయి మాకు ఈమెయిల్ రాశాడు. "మీ జాబితా చూశాను. వాడుకోవచ్చా?" అని. అసలు అడగడమెందుకు అనిపించింది నాకు. "అందరి కోసమే కదా పెట్టాం, హాయిగా వాడుకోండి" అని వెంటనే జవాబిచ్చాను. మర్నాడు ఇంకో ఈమెయిల్ వచ్చింది. "థాంక్స్ అండి. కానీ లైసెన్స్ ఏమిటో మీ పేజీలో ఎక్కడా కనపడలేదు. రేపు నా యాప్‌ను ఇంకొకళ్లు తీసుకుని మెరుగుపరిస్తే వాళ్లకూ మీ అనుమతి ఉన్నట్టేనా? మీ వాలంటీర్లందరి తరఫునా మీరు అనుమతి ఇవ్వగలరా?"

రెండు ప్రశ్నలకూ నా దగ్గర జవాబు లేదు.

ముందు ఆ జాబితా ఏమిటో చెప్పాలి. ఒక భవనంలోకి చక్రాల కుర్చీతో వెళ్లగలమా లేదా అన్నది మేం కొలిచి రాసిపెడతాం. ర్యాంపు ఉందా, ఉంటే వాలు ఎంత, గడప ఎత్తెంత, తలుపు వెడల్పు ఎన్ని సెంటీమీటర్లు, లిఫ్టు బటన్లు కూర్చున్న మనిషికి అందుతాయా, టాయిలెట్‌లో కుర్చీ తిప్పుకునే చోటుందా, దానికి తాళం వేసి ఉంచుతారా, ఉంచితే తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది. ఇలా ఒక్కో చోటికి ఇరవై రెండు కాలమ్‌లు. "ర్యాంపు ఉంది" అని ఒక్క మాట రాస్తే చాలదు. అడుగు ఎత్తు ఎక్కడానికి పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది చాలాచోట్ల పాటించే లెక్క. నాలుగడుగుల్లోనే ఎత్తేసిన ర్యాంపు మీద తోడు లేకుండా ఎక్కబోతే కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. అందుకే టేపు పట్టుకుని వెళ్లేవాళ్లం. నాలుగేళ్లలో 140 మందికి పైగా వాలంటీర్లు 6,300 చోట్లు కొలిచారు. మొదట అదొక స్ప్రెడ్‌షీట్. తర్వాత ఫోన్‌లో నింపే ఫారం వచ్చింది. ఆ తర్వాత ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకునేలా ఫైల్ పెట్టాం. లైసెన్స్, అంటే ఎవరు ఏ షరతులతో వాడుకోవచ్చో చెప్పే అనుమతి పత్రం, అనే మాట ఈ నాలుగేళ్లలో ఒక్కసారి కూడా మా నోటివెంట రాలేదు.

ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించేలా పెట్టేస్తే అది అందరిదీ అయిపోయినట్టే అని నేను నమ్మాను. అది నిజం కాదు. ఏమీ రాయకుండా వదిలేస్తే చాలా దేశాల చట్టాల్లో దాని అర్థం "హక్కులన్నీ మావే" అని. చదవడానికి అభ్యంతరం లేకపోవచ్చు. కాపీ చేసి, మార్చి, మళ్లీ పంచడానికి మాత్రం అనుమతి ఉన్నట్టు కాదు. జాగ్రత్తగా పనిచేసే మనిషి అలాంటి ఫైల్‌ను ముట్టుకోడు. ఆ అబ్బాయి అడిగాడు కాబట్టి తెలిసింది. అడగకుండా వెనక్కి వెళ్లిపోయినవాళ్లు ఎంతమందో అని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను.

పనిలో దిగాక మొదట ఎదురైన ప్రశ్న: అసలు దీని మీద హక్కు ఎవరిది? మా బృందంలో అందరికంటే పెద్దవారు, రిటైరయిన లెక్కల టీచరు. మేమంతా మాస్టారు అంటాం. "నాలుగేళ్లు ఎండలో తిరిగి చెమటోడ్చి కొలిచాం. హక్కు మనది కాక ఎవరిది?" అన్నారాయన. నాకూ అలాగే తోచింది. చదివితే వేరే సంగతి తెలిసింది. అమెరికా సుప్రీంకోర్టు 1991లో ఫైస్ట్ కేసులో సరిగ్గా ఈ చెమట గురించే తీర్పు చెప్పింది. ఒక టెలిఫోన్ కంపెనీ తన డైరెక్టరీలోని పేర్లు, నంబర్లు ఇంకో ప్రచురణకర్త తీసుకున్నాడని దావా వేసింది. కాపీ కొట్టేవాళ్లను పట్టుకోవడానికి ఆ కంపెనీ డైరెక్టరీలో లేని మనుషుల పేర్లు కొన్ని కలిపి ఉంచింది. వాటిలో నాలుగు రెండో డైరెక్టరీలో అచ్చంగా అలాగే దొరికాయి. కాపీ చేశారన్నది రుజువైనట్టే. అయినా కంపెనీ ఓడిపోయింది. పేర్లు, నంబర్లు వాస్తవాలనీ, వాస్తవాల మీద కాపీరైట్ ఉండదనీ, ఎంత కష్టపడి పోగుచేసినా ఆ కష్టం ఒక్కటే కాపీరైట్ ఇవ్వదనీ కోర్టు చెప్పింది. ఎంపికలో, అమరికలో కొంతైనా సృజన ఉంటే అంతవరకే రక్షణ.

తలుపు వెడల్పు 78 సెంటీమీటర్లు అన్నది వాస్తవం. అది నాది కాదు, మాస్టారిదీ కాదు. ఈ మాట చెప్పినప్పుడు ఆయన ముఖం చిన్నబోయింది. కానీ యూరప్‌కు వెళ్తే కథ మారిపోతుంది. యూరోపియన్ యూనియన్ 1996లో డేటాబేస్‌ల కోసం ప్రత్యేకంగా ఒక హక్కు తెచ్చింది. పోగుచేయడానికి, సరిచూడడానికి గట్టిగా పెట్టుబడి పెట్టిన అక్కడివాళ్లకు పదిహేనేళ్లు ఆ హక్కు ఉంటుంది. సృజన ఉందా లేదా అని అక్కడ చూడరు. అంటే ఒకేలాంటి ఫైల్‌కు ఒకచోట దాదాపు ఏ రక్షణా లేదు, ఇంకోచోట గట్టి రక్షణ ఉంది. మా ఫైల్ ఎవరు ఎక్కడ కూర్చుని దించుకుంటారో మాకు తెలియదు. కాబట్టి కథలకు, ఫోటోలకు, ప్రోగ్రామ్‌లకు రాసిన ఏదో ఒక లైసెన్స్ తెచ్చి అతికించడం కుదరదనీ, డేటాబేస్ హక్కు గురించి స్పష్టంగా మాట్లాడే లైసెన్స్ కావాలనీ అర్థమైంది. క్రియేటివ్ కామన్స్ అనే సంస్థ ఎవరైనా వాడుకునేలా రాసిపెట్టిన లైసెన్సుల్లో కూడా 2013లో వచ్చిన 4.0 వెర్షన్ నుంచే ఆ హక్కును లైసెన్స్‌లో భాగంగా చేర్చారు. పాత వెర్షన్ తీసుకుంటే ఆ సౌకర్యం ఉండదు.

తర్వాత మీటింగ్ పెట్టుకున్నాం. నాకు ఇంకా బాగా గుర్తున్న మీటింగ్ అది. మా బృందానికి ప్రాణం లాంటి అక్క ఒకావిడ ఉంది. ఇరవై ఏళ్లుగా చక్రాల కుర్చీలోనే తిరుగుతుంది. ఈ జాబితా మొదలుపెట్టింది తనే. ఆ రోజు తన మాట చాలా స్పష్టంగా ఉంది.

"వ్యాపారానికి వాడకూడదు అని పెట్టండి. మనం ఊరికే చేసిన పనిని ఎవడో అమ్ముకుంటే నేను చూస్తూ ఊరుకోలేను."

గదిలో సగంమందికి పైగా తలూపారు. నేనూ ఊపాను. వినగానే న్యాయంగా అనిపించే షరతు అది.

మాస్టారు బోర్డు దగ్గరికి వెళ్లి ఒక గీత గీశారు. "ఈ షరతు పెడితే ఎవరెవరు బయటికి పోతారో పేర్లు రాద్దాం" అన్నారు. ఆ ఒక్క పని మా ఆలోచనను మార్చేసింది. ఫీజు తీసుకునే ఫిజియోథెరపీ సెంటర్ తన పేషెంట్లకు ఈ జాబితా ప్రింట్ తీసి ఇవ్వొచ్చా? టాక్సీ డ్రైవర్ తన ఫోన్‌లో చూసుకుని, "ఆ గేటు దగ్గర దిగండి, అక్కడ మెట్లు లేవు" అని చెప్పొచ్చా? ప్రకటనలు వచ్చే ఉచిత యాప్? పేజీకి చందా అడిగే పత్రిక? విరాళాలతో నడిచే సంస్థ టీషర్టులు అమ్మితే? ఒక్కోదానికి గదిలో రెండు మూడు అభిప్రాయాలు వచ్చాయి. నాన్ కమర్షియల్, అంటే వ్యాపారానికి వాడకూడదనే షరతుతో వచ్చే అసలు కష్టం ఇదే. ఎక్కడ గీత ఉందో ఎవరికీ ఖచ్చితంగా తెలియదు, తెలియనివాళ్లు భయపడి వదిలేస్తారు. పైగా ఆ షరతు ఉన్న డేటాను ఓపెన్ డేటా (ఎవరైనా దేనికైనా వాడుకోగల డేటా) అని ఎవరూ ఒప్పుకోరు, జనమంతా కలిసి కట్టే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ లాంటి చోట కలపనివ్వరు.

మమ్మల్ని మొదట అడిగిన ఆ అబ్బాయి కూడా బోర్డు మీద "బయట" వైపే పడ్డాడు. సర్వర్ ఖర్చుల కోసం యాప్‌కు చిన్న ధర పెడదామనుకుంటున్నాడు తను.

అక్క చాలాసేపు ఆ బోర్డు వైపే చూసింది. "టాక్సీ డ్రైవర్‌ను ఆపితే నన్ను నేనే ఆపుకున్నట్టు" అంది చివరికి. కానీ తన మనసులోని బాధ తీరలేదు. నాకది తెలుస్తూనే ఉంది.

నాన్ కమర్షియల్ పక్కన పెట్టాక మిగిలినవి మూడు. మొదటిది సీసీ జీరో (సీసీ అంటే క్రియేటివ్ కామన్స్). 2009లో వచ్చింది. అన్ని హక్కులూ వదిలేసుకోవడం, పేరు చెప్పమని కూడా అడగకపోవడం. వికీపీడియా కుటుంబంలోని వాస్తవాల డేటాబేస్ వికీడేటా 2012లో మొదలైనప్పటి నుంచీ ఇదే వాడుతుంది. రెండోది సీసీ బై 4.0. ఏమైనా చేసుకోండి, ఎవరి పనో చెప్పండి అంటుంది. మూడోది ఓడీబీఎల్, అంటే ఓపెన్ డేటాబేస్ లైసెన్స్. పేరు చెప్పాలి, మార్చిన డేటాబేస్‌ను పంచితే ఇదే లైసెన్స్ కింద పంచాలి.

బృందంలో కంప్యూటర్ పనులు చూసే తమ్ముడు సీసీ జీరో వైపు గట్టిగా నిలబడ్డాడు. అతని వాదన తేలిగ్గా తీసేయదగింది కాదు. పది డేటాబేస్‌లు కలిపి ఒకటి చేస్తే పది పేర్లు రాయాలి. అలాంటివి పది కలిపితే వంద పేర్లు. పేర్ల మీద పేర్లు పేరుకుపోతాయి. సీసీ జీరో డేటా ఎక్కడికైనా పోగలదు, ఏ లైసెన్స్ ఉన్నదానితోనైనా కలవగలదు. "ఒక మనిషికి ర్యాంపు ఎక్కడుందో తెలియాలి. మన పేరు తెలియాల్సిన పనేముంది?" అన్నాడు. ఆ మాటతో నేను ఒక నెలరోజులు సీసీ జీరో వైపే ఉన్నాను.

ఈలోగా ఇంకో తలనొప్పి బయటపడింది. లైసెన్స్ ఇవ్వాలంటే ముందు ఆ డేటా మనది అయి ఉండాలి కదా. కొలతలు మావే. మరి లొకేషన్లు? మ్యాప్ మీద చుక్క పెట్టడానికి కావాల్సిన అక్షాంశ రేఖాంశాలు ఎక్కడినుంచి వచ్చాయి? మూడువంతుల్లో ఒకవంతు ఫోన్ జీపీఎస్ నుంచి వచ్చాయి. దాదాపు 1,900 చోట్లకు వాలంటీర్లు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ చూసి రాశారు. ఇంకో 850 చోట్లకు ఒక వ్యాపార మ్యాప్ తెరిచి, అక్కడి నంబర్లు కాపీ చేసి మా ఫారంలో అతికించారు. మిగతావాటి సంగతి ఎవరికీ గుర్తులేదు.

వ్యాపార మ్యాపుల షరతులు సాధారణంగా ఇలా పోగుచేసి వేరే డేటాబేస్ కట్టడాన్ని ఒప్పుకోవు. తప్పు పూర్తిగా మాది. మేమెవరికీ చెప్పలేదు, వాళ్లకు తెలియక చేశారు. ఆ 850 చోట్ల లొకేషన్లూ తీసేశాం. గుర్తులేనివాటికి వాలంటీర్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడిగాం. "బహుశా ఫోన్‌తోనే అనుకుంటా" అన్నవాళ్లవి కూడా తీసేశాం. అనుమానం ఉన్నది ఉంచుకుని, దాని మీద లైసెన్స్ అని రాసి ఇస్తే, నమ్మి తీసుకున్నవాళ్లను ముంచినట్టవుతుంది. కొలతల వరుసలు మిగిలాయి, చుక్కలు పోయాయి. మళ్లీ వెళ్లి నిలబడి జీపీఎస్ నొక్కి రావాలి. మూడు నెలలు శనాదివారాలు అదే పని. డేటాబేస్ మొదలుపెట్టేవాళ్లు ఎవరైనా నన్ను అడిగితే మొదట చెప్పేది ఇదే: "ఎక్కడినుంచి వచ్చింది" అనే కాలమ్ మొదటి రోజే పెట్టండి.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తెచ్చిన 1,900 సంగతి వేరు. వాటిని తీసుకోవడానికి అనుమతి ఉంది. కానీ దాని లైసెన్స్ ఓడీబీఎల్. అందులోంచి గణనీయంగా తీసుకుని ఇంకో డేటాబేస్ కడితే ఆ డేటాబేస్ కూడా ఓడీబీఎల్ కిందే ఇవ్వాలి. సీసీ జీరో కావాలంటే ఆ 1,900 చుక్కలూ వదులుకోవాలి. అది చేయలేనిదేమీ కాదు, ఇంకో ఆరు నెలలు తిరిగితే సరిపోతుంది. తిరగడానికి బద్ధకించి ఓడీబీఎల్ తీసుకోకూడదని మాస్టారు పట్టుబట్టారు. "ముందు ఏది సరైనదో తేల్చండి. కాళ్ల సంగతి తర్వాత చూద్దాం" అన్నారు.

తేల్చింది ఒక తాళం.

ఒక రోజు అక్క ఒక ఆఫీసుకు వెళ్లింది. ఏ ఆఫీసన్నది ఇక్కడ అనవసరం. అక్కడ టాయిలెట్ ఉంది, తాళం వేయరు అని మా జాబితాలో ఉంది. ఆ ధైర్యంతోనే వెళ్లింది. తీరా చూస్తే తాళం. తీయించడానికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నర తను ఎలా గడిపిందో నేను రాయను. తర్వాత తెలిసిందేమిటంటే, రెండేళ్ల కిందట మా ఫైల్ తీసుకున్న ఒక యాప్‌లో ఆ తాళం సంగతి ఐదు నెలలుగా ఉంది. ఆ యాప్ వాడేవాళ్లెవరో "ఇక్కడ తాళం వేస్తున్నారు" అని చెప్పారు, వాళ్లు తమ కాపీలో దిద్దుకున్నారు. మాకు చెప్పలేదు. చెప్పాలని మేమెప్పుడూ అడగలేదు కాబట్టి అది వాళ్ల నేరమని కూడా అనలేను.

ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసింది. గొంతులో కోపం లేదు. "డబ్బు చేసుకోనీ. ఎంతైనా చేసుకోనీ. దిద్దింది మాత్రం తిరిగి ఇవ్వాలి. అలాంటి లైసెన్స్ ఉందా?" అని అడిగింది.

ఓడీబీఎల్ పాఠాన్ని అప్పటికి నేను పైపైన చూశానే తప్ప కూర్చుని చదవలేదు. ఆ రాత్రి మొత్తం చదివాను. 2009లో ఓపెన్ డేటా కామన్స్ అనే ప్రాజెక్టు విడుదల చేసిన వెర్షన్ 1.0 అది. అందులో 4.6 అనే క్లాజు దగ్గర ఆగిపోయాను. మార్చిన డేటాబేస్‌ను గానీ, దాని నుంచి తయారుచేసిన వస్తువును గానీ బయటివాళ్లకు అందిస్తే, అందుకున్నవాళ్లకు మార్చిన డేటాబేస్ మొత్తమైనా, చేసిన మార్పులన్నీ ఉన్న ఫైలయినా, కంప్యూటర్ చదవగలిగే రూపంలో ఇస్తామని చెప్పాలి. మ్యాప్ బొమ్మో, యాప్ తెరో చూపించి వెనకున్న డేటాను దాచుకోవడం కుదరదు. అక్క అడిగింది అదే. పక్కనే సీసీ బై ఎస్ఏ 4.0 (ఎస్ఏ అంటే షేర్ అలైక్) కూడా చూశాను. అదీ "ఇదే లైసెన్స్ కింద పంచండి" అంటుంది గానీ, బొమ్మ వెనకున్న డేటాను ఇవ్వమని అడగదు. ఫోటోకు, వ్యాసానికి సరిపోయే లైసెన్స్ అది. డేటాబేస్‌కు ప్రాణం దిద్దుబాట్లలో ఉంటుంది, మాలాంటిదానికి మరీను. తలుపు వెడల్పు మారదు. తాళం, పగిలిన ర్యాంపు, ర్యాంపుకు అడ్డంగా నిలిపిన బండ్లు, చెడిపోయిన లిఫ్టు, ఇవి వారం వారం మారతాయి.

ఒక సంగతి ఇక్కడ స్పష్టంగా చెప్పాలి, మేమూ మొదట పొరబడ్డాం. ఓడీబీఎల్ ఉన్నంత మాత్రాన మార్పులు వాటంతటవే మా ఇంటికి నడిచి రావు. ఆ యాప్ వాడే మనిషిగా మనం అడిగితే వాళ్లు ఇవ్వాలి. కాబట్టి అడగడం మా పని. ఇంకో భయం కంపెనీలవాళ్లకు ఉంటుంది, తమ కస్టమర్ల వివరాలన్నీ బయటపెట్టాల్సి వస్తుందేమోనని. అలా ఏమీ లేదు. మా డేటాబేస్ పక్కన వాళ్ల సొంత డేటాబేస్ విడిగా ఉంటే దాన్ని ఈ లైసెన్స్ ముట్టుకోదు. ఆఫీసు లోపలే వాడుకుని బయటికి ఇవ్వకపోతే ఏ బాధ్యతా లేదు. మా డేటా నుంచి గీసిన మ్యాప్‌ను వాళ్లకు నచ్చిన లైసెన్స్ కింద అమ్ముకోవచ్చు, డేటా ఎక్కడిదో చెప్పాలి, డేటాను మార్చి ఉంటే ఆ మార్పులు ఇవ్వాలి, అంతే.

తమ్ముడు వెంటనే ఒప్పుకోలేదు. ఓడీబీఎల్ పెడితే మా డేటా వికీడేటాలోకి పోదు, సీసీ జీరో డేటాబేస్‌లు మా దగ్గరినుంచి ఏమీ తీసుకోలేవు. నిజమే. ఆ నష్టం ఉందని మినిట్స్‌లో రాసుకున్నాం. ఓటు పెడితే పదిహేడు మందిలో పదమూడు మంది ఓడీబీఎల్ అన్నారు. మాకు ధైర్యమిచ్చిన ఉదాహరణ ఒకటి ఉంది. చక్రాల కుర్చీతో ఎక్కడికి వెళ్లగలమో చూపించే వీల్‌మ్యాప్ జర్మనీలో 2010లో మొదలైంది, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీదే కట్టారు దాన్ని. మా పనికి దగ్గరి పని ఈ లైసెన్స్ కింద నిలబడగలదని అది చూపించింది. అడపాదడపా "అయితే నేరుగా అక్కడే రాయొచ్చుగా" అని అడిగేవాళ్లున్నారు. రాయగలిగినవి రాస్తున్నాం. మా ఇరవై రెండు కాలమ్‌లలో కొన్ని అక్కడ ఇమడవు.

ఇక మిగిలింది అన్నిటికంటే పెద్ద పని: 140 మంది అనుమతి.

కొలతల మీద వాళ్లకు చట్టప్రకారం హక్కు ఉందో లేదో అన్న చర్చలోకి మేం వెళ్లలేదు. వాళ్ల పని అది, అడగాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ 2012 సెప్టెంబర్‌లో పాత సీసీ బై ఎస్ఏ 2.0 నుంచి ఓడీబీఎల్‌కు మారినప్పుడు కూడా రాసినవాళ్లందరినీ అడిగారు. ఏళ్లపాటు సాగింది ఆ పని. ఒప్పుకోనివాళ్లు, జవాబివ్వనివాళ్లు చేర్చినదంతా వెతికి తీసేశారు. మ్యాప్‌లో కొన్నిచోట్ల రోడ్లకు రోడ్లే మాయమయ్యాయని చదివినప్పుడు గుండె కలుక్కుమంది. ఆలస్యం చేసేకొద్దీ ఇలాంటి ఖర్చు పెరుగుతుందని అప్పుడే అర్థమైంది. మా దగ్గర 140 మందే. ఇంకో రెండేళ్లు ఆగి ఉంటే?

అరపేజీ ఉత్తరం రాశాం. చట్టం మాటలు పెట్టలేదు. మీరు కొలిచినవి ఎవరైనా, వ్యాపారం చేసేవాళ్లు కూడా వాడుకోగలరు. మన పేరు చెప్పాలి. మార్పులు పంచాలి. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేం. ఇష్టమేనా? అంతే. 118 మంది మొదటి పదిరోజుల్లోనే సరే అన్నారు. కొందరి ఈమెయిళ్లు మారిపోయాయి, స్నేహితుల ద్వారా పట్టుకున్నాం. తొమ్మిది మంది దొరకనే లేదు, వాళ్లు కొలిచిన చోట్లకు మళ్లీ వెళ్లాం.

ఒకావిడ వద్దంది. "నేను చేసింది సేవ. కంపెనీలకు ముడిసరుకు అవ్వడం నాకిష్టం లేదు" అని రాసింది. నేను ఫోన్ చేసి మాట్లాడాను, బోర్డు మీది టాక్సీ డ్రైవర్ గురించి చెప్పాను. ఓపిగ్గా విని, మళ్లీ వద్దనే అంది. ఆవిడ రాసిన 212 వరుసలు తీసేశాం. చాలా చక్కగా కొలిచినవి. తీసేస్తుంటే బాధేసింది, కానీ అడిగి, వద్దంటే పట్టించుకోకపోతే అడగడమెందుకు?

ఇంకొకాయన అప్పటికి చనిపోయారు. మూడొందలకు పైగా చోట్లు కొలిచారు ఆయన. వాళ్లమ్మాయికి రాయాలంటే చేతులు రాలేదు. రెండు వారాలు వాయిదా వేసి, చివరికి ఫోన్ చేశాను. "నాన్న టేపు ఇంకా ఇంట్లోనే ఉందండి" అంది ఆ అమ్మాయి. ఆ సాయంత్రమే అనుమతి రాసి పంపింది. నాన్న పేరు తీసేయకుండా ఉంచుతారా అని మాత్రం అడిగింది. ప్రతి వరుసలో "మొదట కొలిచినవారు" అనే కాలమ్ ఆ ఫోన్ తర్వాత పెట్టిందే.

కొత్తగా చేరేవాళ్ల కోసం ఒప్పందం ఒకటి రాసుకున్నాం. ఇక్కడ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ షరతులు బాగా పనికొచ్చాయి. భవిష్యత్తులో లైసెన్స్ మార్చాల్సి వస్తే మళ్లీ ఒక్కొక్కరినీ వెతకకుండా, చురుగ్గా పనిచేసేవాళ్లలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే ఇంకో స్వేచ్ఛాయుతమైన, ఓపెన్ లైసెన్స్‌కు మారవచ్చని వాళ్లు రాసుకున్నారు. మేమూ అదే పద్ధతి పెట్టుకున్నాం. తమ్ముడు చెప్పిన సీసీ జీరో దారి అలా పూర్తిగా మూసుకుపోలేదు.

చిన్న పనులు మిగిలాయి. ఓడీబీఎల్ డేటాబేస్‌కు మాత్రమే, లోపలి ఒక్కో అంశానికి కాదు. వాటికి దానితోపాటే వచ్చే డేటాబేస్ కంటెంట్స్ లైసెన్స్ పెట్టాం. ఫోటోలకు సీసీ బై ఎస్ఏ 4.0. మనుషుల ముఖాలు కనిపించే ఫోటోలు తీసేశాం. తాళంచెవి ఎవరి దగ్గరుందో రాసే కాలమ్‌లో కాపలావాళ్ల ఫోన్ నంబర్లు చాలా ఉన్నాయి. వాళ్లు మాకు నమ్మకంతో ఇచ్చినవి. ఏ లైసెన్స్ పెట్టినా అవి పంచే హక్కు మాకు రాదు. ఆ కాలమ్ మొత్తం బయటి ఫైల్ నుంచి తీసేసి, "కాపలా గదిలో అడగండి" అని మార్చాం. ఫైల్‌తోపాటు లైసెన్స్ పూర్తి పాఠం, పేరు ఎలా చెప్పాలో ఒక్క వాక్యంలో నమూనా, మార్పులు ఎక్కడికి పంపాలో చిరునామా పెట్టాం. ఆ నమూనా వాక్యం పెట్టడం మర్చిపోవద్దు. చాలామందికి పేరు చెప్పడానికి అభ్యంతరం ఉండదు, ఎలా రాయాలో తెలియక రాయరు.

విడుదల చేసిన రోజు మొదటి ఈమెయిల్ ఆ అబ్బాయికే పంపాను. ఏడు నెలలు ఆగాడు పాపం. తర్వాతి నెలలో ఒక కంపెనీ షేర్ అలైక్ షరతు లేకుండా తమకు విడిగా ఇవ్వమని అడిగింది. కాదన్నాం. డేటాబేస్ పక్కన డేటాబేస్ ఎలా పెట్టుకోవచ్చో వివరంగా రాసి పంపాం, జవాబు రాలేదు. వికీడేటాలో రాసే ఒకావిడ అడిగితే కూడా కుదరదని చెప్పాల్సివచ్చింది. ఆవిడకు చెప్పడం మాత్రం నాకు కష్టమైంది, ఇప్పటికీ ఆ ఈమెయిల్ గుర్తొస్తుంది.

విడుదలైన పదకొండో వారంలో ఆ అబ్బాయి దగ్గరినుంచి ఒక ఫైల్ వచ్చింది. అడగకముందే పంపాడు. అతని యాప్ వాడేవాళ్లు చెప్పిన మార్పులు, మొత్తం 41 వరుసలు. అక్క, నేను పక్కపక్కన కూర్చుని ఒక్కోటి చూసి ఎక్కించాం. వాటిలో మూడు ఆ చనిపోయినాయన కొలిచిన చోట్లు. ఒకచోట ర్యాంపుకు కొత్తగా పట్టుకునే కడ్డీ పెట్టారట. "చివరగా సరిచూసింది" కాలమ్‌లో ఆ రోజు తేదీ వేశాం. "మొదట కొలిచినవారు" కాలమ్‌లో ఆయన పేరు అలాగే ఉంది. నలభై ఒకటో వరుసకు వచ్చేసరికి అక్క, "ఈ లిఫ్టు నా దారిలోదే, రేపు వెళ్లి చూసొస్తాను" అని ఆ ఒక్కటి ఎక్కించకుండా ఆపింది.